తార ముఖం, దీపం వెలుగు

1951వ సంవత్సరంలో వెర్నర్ బిషోఫ్ అనే స్విస్ ఛాయాచిత్రకారుడు జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో కొన్ని చిత్రాలు తీశాడు. ఆ యేడే అతడు బీహారు కరవు ప్రాంతాలలో తిరిగి, ఆకలితో అలమటించే జనుల ముఖాలను తన కెమెరాలో బంధించాడు. ఆ చిత్రాలను అమెరికాలోని 'లైఫ్' పత్రిక ప్రకటించినది. అదే 'లైఫ్' పత్రిక పక్షాన అదే 1951లో జేమ్స్ బర్క్ అనే వేరొక ఛాయాచిత్రకారుడు బొంబాయిలో మధుబాల చిత్రాలు తీశాడు. దేశం ఒకటే, సంవత్సరం ఒకటే. ఒకరి కెమెరా ఎదుట కొలిమి మండుతున్నది. మరొకరి కెమెరా ఎదుట ఒక యువతి నవ్వుతున్నది.

ఈ రెంటికీ సంబంధమేమని అడగవచ్చును. సంబంధం జంషెడ్‌పూర్ గోడలమీద ఉన్నది. కొలిమి ముందు ఎనిమిది గంటలు నిలబడి వచ్చినవాడు తన ఇంటి గోడకు కొలిమి బొమ్మను తగిలించుకోడు. అతడు తగిలించుకొనేది తార బొమ్మ. ఇందులో వింతగాని, నిందించవలసినదిగాని ఏమీ లేదు. కాని ఆ బొమ్మ అతని గోడదాకా ఎట్లా వచ్చినది, దానిలోని వెలుగు ఎక్కడిది, దానిని చేసినవారెవరు అన్నది తెలుసుకోదగిన చరిత్ర.

జంషెడ్‌పూర్ ఒకరు పుట్టించిన ఊరు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడినది. సువర్ణరేఖా, ఖర్కాయీ నదుల సంగమానికి సమీపాన సాక్చీ అనే పల్లెను ఎంచుకొని కర్మాగారం కట్టినారు. 1912లో మొదటి ఉక్కు దిమ్మె వెలువడినది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి, జంషెడ్జీ టాటా పేరిట ఊరికి నేటి నామం ప్రకటించాడు. కాళీమాటి అనే రైలు స్టేషను టాటానగర్ అయినది. అప్పుడు బీహారు ఒరిస్సాల ఉమ్మడి రాష్ట్రంలో ఉండిన ఈ ప్రాంతం 2000 నుండి జార్ఖండ్ రాష్ట్రానికి చెందినది. సంతాలులు, హో జాతివారు, బీహారీలు, బెంగాలీలు, ఒరియాలు, పంజాబీలు పనికి వచ్చినారు. వారితోపాటు ఉత్తరాంధ్రం నుండి తెలుగువారు వచ్చి, తరతరాలుగా అక్కడనే నిలిచిపోయినారు. బెంగాల్-నాగపూర్ రైల్వే వారి త్రోవ. ఒక దారి వాల్తేరు నుండి ఖరగ్‌పూర్‌కు, అక్కడ నుండి మరొక దారి పడమరగా టాటానగర్‌కు. ఇన్ని భాషలు మాట్లాడే జనం ఒకే సినిమా హాలులో ప్రక్కప్రక్కన కూర్చొన్నప్పుడు తెరమీది మాట కొందరికే అర్థమవుతుంది. ముఖం అందరికీ అర్థమవుతుంది.

ఆ రైలు మార్గానికి దక్షిణపు కొస అయిన వాల్తేరులోనే 1908 మార్చి 30వ తేదీన దేవికారాణి జన్మించింది. వాల్తేరులో పుట్టినది గనుక ఆమె మనదే అని చెప్పుకోవడం మనకు సరదా. నిజానికి ఆమెది బెంగాలీ కుటుంబం. తండ్రి మద్రాసు రాజధానిలో పెద్ద ఉద్యోగం చేసిన వైద్యుడు. రవీంద్రనాథ ఠాకూరుతో బంధుత్వం ఉన్నది. చిన్నతనంలోనే చదువుకై ఇంగ్లండు వెళ్ళింది. లండన్‌లో నటనా, వస్త్రాల అల్లికలపై చిత్రరచనా నేర్చుకొన్నది. 1928లో హిమాంశు రాయ్ పరిచయమయ్యాడు. మరుసటి యేడు పెండ్లి. ఆ తరువాత ఇద్దరూ బెర్లిన్‌లోని ఊఫా స్టూడియోలో కొంతకాలం పనిచేసినారు. మన సినిమా చరిత్రలో ఈ బెర్లిన్ మజిలీకి దక్కవలసినంత శ్రద్ధ దక్కలేదని నా అభిప్రాయం. ఎందుకంటే దీపాలను ముఖానికై అమర్చే విద్యలో ఆనాటి జర్మనీ లోకానికి గురువు.

1930లో ఆ ఊఫా స్టూడియోలోనే జోసెఫ్ ఫాన్ స్టెర్న్‌బెర్గ్ 'నీలి దేవత' అనే అర్థం వచ్చే పేరుగల చిత్రంలో మార్లెనె డీట్రిచ్‌ను చూపించాడు. పిమ్మట ఇద్దరూ అమెరికాలోని పారమౌంట్ కంపెనీకి వెళ్ళినారు. ముఖానికి ఎదురుగా, బాగా ఎత్తున ఒకే పెద్ద దీపం ఉంచితే ముక్కు క్రింద సీతాకోకచిలుక ఆకారంలో చిన్న నీడ పడుతుంది. బుగ్గలు లోతుగా, దవడ ఎముక ఎత్తుగా కనబడతాయి. ఈ అమరికకే పారమౌంట్ దీపమని పేరు వచ్చినది. ఆ రోజులలోనే ఎం.జి.ఎం. కంపెనీలో జార్జి హర్రెల్ ఛాయాచిత్రశాలకు అధిపతి అయ్యాడు. అతనికి ముందు 1925 నుండి 1930 దాకా ఆ పని చేసినది రూత్ హారియెట్ లూయీ అనే యువతి. గ్రెటా గార్బో రూపాన్ని ఏళ్ళ తరబడి చిత్రించినది క్లారెన్స్ సింక్లెయిర్ బుల్. వీరి పెట్టె కెమెరాలోని నెగెటివు ఎనిమిది అంగుళాలు వెడల్పు, పది అంగుళాలు పొడవు. అంత పెద్ద నెగెటివు ఎందుకు? స్పష్టత కొరకు మాత్రమే కాదు, దానిమీద పెన్సిలుతో వ్రాయడానికి.

ఈ పెన్సిలు సంగతి కొంచెం వివరించాలి. మనం గోడమీద చూచే చిత్రం నెగెటివుకు తలక్రిందులు. నెగెటివులో నల్లగా ఉన్న చోటు కాగితంమీద తెల్లగా వస్తుంది. అక్కడ పలుచగా ఉన్న చోటు ఇక్కడ నల్లబడుతుంది. ముఖంమీది ముడుత, మచ్చ, కంటిక్రింది నలుపు ఇవన్నీ నెగెటివులో పలుచని గీతలుగా ఉంటాయి. పనివాడు నెగెటివుకు ఒక జిగురు మందు పూసి, క్రింది నుండి వెలుగు వచ్చే బల్లమీద దానిని ఉంచి, సూదిమొనవలె చెక్కిన పెన్సిలుతో ఆ పలుచని గీతలను చుక్కచుక్కగా నింపుతాడు. నింపినదంతా అచ్చులో తెలుపవుతుంది. నల్లచేయాలంటే పెన్సిలు పనికిరాదు. సన్నని కత్తితో నెగెటివు పొరను గీకాలి. గీకుట కష్టం, ఒకసారి తప్పు జరిగితే దిద్దుకోలేము. నింపుట సులభం. కనుక ఈ విద్యకు స్వభావసిద్ధంగా ఒక మొగ్గు ఉన్నది. అది తెలుపు వైపు మొగ్గు. జోన్ క్రాఫర్డ్ ముఖాన ఉండిన గోధుమరంగు చుక్కలు హర్రెల్ చిత్రాలలో కనబడకపోవడానికి ఈ పెన్సిలే కారణం.

చామనచాయ దేహాలు గల దేశంలోకి ఈ పెన్సిలు వచ్చినప్పుడు ఏమి జరిగినదో ఊహించుకొనవచ్చును. అచ్చు పని కూడా దీనికి తోడైనది. పత్రికలలో బొమ్మ వేయడానికి దానిని చుక్కల జల్లెడగుండా రాగి, తుత్తునాగం దిమ్మెలమీదికి ఎక్కించేవారు. చౌక కాగితంమీద మధ్యస్థాయి బూడిద రంగులన్నీ అలికినట్లయిపోతాయి. తెలుపూ నలుపూ మాత్రమే నిలుస్తాయి. కనుక ముఖం బాగా తెల్లగా, వెనుక తెర బాగా నల్లగా ఉంటేనే బొమ్మ బతుకుతుందని ఛాయాచిత్రకారుడు ముందే లెక్కవేసుకొనేవాడు. తార తెల్లదనం కొంత మన మనస్సులలోని వ్యామోహం, కొంత కాగితం లోపం.

ఇక బొంబాయికి వద్దాము. 1934లో హిమాంశు రాయ్, దేవికారాణీ మలాడ్‌లో బాంబే టాకీస్ స్థాపించినారు. దర్శకుడుగా ఫ్రాంజ్ ఆస్టెన్, కెమెరా పనికి జోసెఫ్ విర్షింగ్, ఇంకా కొందరు జర్మనులు వచ్చినారు. 1903లో మ్యూనిక్‌లో పుట్టిన విర్షింగ్‌కు ఈ దేశం క్రొత్త కాదు. 1925లో బుద్ధచరిత్రను చిత్రంగా తీసిన 'ప్రేమ్ సన్యాస్' కొరకు హిమాంశు రాయ్ బృందంతో వచ్చి ఉన్నాడు. అతడు సినిమా కెమెరాతో తీసిన చిత్రాలు అందరికీ తెలుసు. చిత్రీకరణ సాగుతూ ఉండగా చిన్న కెమెరాతో తన ఇష్టంకొద్దీ తీసుకొన్న వేలాది ఛాయాచిత్రాలు మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

1936లో వచ్చిన 'అఛూత్ కన్యా'నే తీసుకొందాము. కథ నిరంజన్ పాల్‌ది. నాయిక కస్తూరి రైలు గేటు కాపలాదారు కూతురు, అంటరానిదని లోకం వెలివేసిన పిల్ల. ఆమె ప్రేమించినవాడు బ్రాహ్మణ యువకుడు. చివరకు రైలు క్రిందనే ఆమె ప్రాణం పోతుంది. అశోక్ కుమార్ నాయకుడు. ఆ కాలానికి అది సాహసమైన కథ. కాని ఆ చిత్రంలోని దేవికారాణి రూపం చూడండి: సన్నగా తీర్చిన కనుబొమలు, నిగనిగలాడే పెదవులు, తలవెనుక నుండి జుట్టు అంచులకు తగిలే వెలుగు, ఎండకు ఏనాడూ కమలని బుగ్గలు. గేటు కాపలావాని గుడిసెలో అటువంటి దీపం ఎక్కడిది? ఈ ప్రశ్న అడిగినవారు ఆనాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. నాకు మాత్రం ఇందులో రెండు వైపులా న్యాయం కనబడుతుంది. అంటరానిదన్న పిల్లను రాణివలె వెలిగించి చూపడం ఒక అబద్ధం. అయితే ఆ పిల్ల ముఖాన్ని చూడడానికే ఇష్టపడని సభికులచేత కన్నార్పకుండా చూపించినదీ ఆ అబద్ధమే. ఈ రెంటిలో ఏది బరువని తూచి చెప్పడం నాకు చేతకాదు.

1939లో యుద్ధం వచ్చినది. జర్మనులను ఆంగ్ల ప్రభుత్వం నిర్బంధ శిబిరాలకు పంపినది; వారిలో విర్షింగ్ ఒకడు. 1940లో హిమాంశు రాయ్ మరణించాడు. దేవికారాణి కొన్నేళ్ళు స్టూడియో నడిపి, 1945లో రష్యన్ చిత్రకారుడు స్వెతొస్లావ్ రోరిక్‌ను వివాహమాడి సినిమా నుండి తప్పుకొన్నది. దీపాలూ పెన్సిలూ లేకుండా, తైలవర్ణాలలో ఆమె ముఖాన్ని అతడు పలుమార్లు చిత్రించాడు. 1969వ సంవత్సరానికి గాను ప్రభుత్వం ఏర్పరచిన దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని అందరికంటె ముందుగా అందుకొన్నది ఆమెయే. 1994లో బెంగుళూరులో కన్నుమూసింది.

విర్షింగ్ యుద్ధానంతరం మళ్ళీ కెమెరా పట్టుకొని, 1949లో బాంబే టాకీస్ వారి 'మహల్' చిత్రానికి పనిచేశాడు. పాడుబడ్డ భవనం, ఊగే గొలుసు దీపం, చీకటిలో నుండి తేలివచ్చే ఒక ముఖం. ఆ ముఖం మధుబాలది. అప్పటికి ఆమెకు పదహారేండ్లు. మొదట చెప్పిన జేమ్స్ బర్క్ రెండేండ్ల తరువాత బొంబాయిలో వెదుక్కొంటూ వెళ్ళినది ఈ వెలుగులో పుట్టిన తారనే. విర్షింగ్ తన చివరి సంవత్సరాలలో 'పాకీజా'కు పనిచేస్తూ 1967లో బొంబాయిలోనే మరణించాడు. ఆ చిత్రం 1972లోగాని విడుదల కాలేదు.

స్టూడియో కంపెనీలు కూలిపోయిన తరువాత తారల బొమ్మలు తీసే పని విడి ఛాయాచిత్రకారుల చేతికి వచ్చినది. దేశవిభజనతో కరాచీ విడిచి వచ్చిన జె. హెచ్. ఠక్కర్ 1948లో బొంబాయి దాదర్‌లో ఇండియా ఫొటో స్టూడియో తెరిచాడు. నర్గీస్, మధుబాల, దిలీప్ కుమార్, దేవానంద్ అక్కడికి వచ్చి అతని దీపాల క్రింద కూర్చొన్నారు. ఊరు పోగొట్టుకొని వచ్చిన మనిషి ఒక గది అద్దెకు తీసుకొని, దానిలో దేశమంతా కలగనే ముఖాలను తయారుచేశాడు. అతని చిత్రాలలో నీడకు భయపడని ధైర్యం ఉన్నది. సగం ముఖం చీకటిలో విడిచిపెట్టి, మిగతా సగంతోనే తారను గుర్తుపట్టించగలడు.

మద్రాసులో ఈ విద్య వేరే దారిన పెరిగినది. 'గృహలక్ష్మి' (1938), 'మళ్ళీ పెళ్ళి' (1939) చిత్రాలతో కాంచనమాల తెలుగువారి మొదటి సుందర తార అయినది. ఆమె బొమ్మ గల కాలెండర్లు ఇంటింటా వ్రేలాడేవని పెద్దలు చెప్పుకొనేవారు. మార్కస్ బార్ట్‌లీ బొంబాయిలో టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికకు ఛాయాచిత్రాలు తీస్తూ, వార్తాచిత్రాలు తీస్తూ వచ్చి, 1945లో బి. ఎన్. రెడ్డి 'స్వర్గసీమ'లో భానుమతి ముఖానికి దీపం పెట్టాడు. 'మాయాబజార్' (1957)లోని వెన్నెల అతనిదే. నిలిచిన బొమ్మ తీయడం నేర్చినవాడు గనుకనే కదిలే బొమ్మలో ప్రతి క్షణాన్నీ నిలిపి చూడగలిగాడనిపిస్తుంది. తెలుగు పాఠకుల చేతికి ఈ ముఖాలు మొదట వచ్చినది హాలు గుమ్మంలో అమ్మే పాటల పుస్తకాల అట్టలమీద, తరువాత 'రూపవాణి'వంటి సినిమా పత్రికలలో. 1966లో 'విజయచిత్ర' మొదలైన తరువాత రంగుల బొమ్మలు చింపి దాచుకోవడం ఒక తరానికి అలవాటైనది.

పాటల పుస్తకం రైలెక్కి ఎంత దూరమైనా వెళ్ళగలదు. ఉద్యోగానికై దూరదేశం పోయిన తెలుగువానికి అది తన భాషా, తన తారా ఒకే కాగితంమీద దొరికే సాధనం. జంషెడ్‌పూర్‌వంటి శ్రామిక నగరాలలోని చిన్న ఫొటో స్టూడియోలకు ఆ బొమ్మలే పాఠ్యగ్రంథాలు. పెండ్లికై బొమ్మ తీయించుకొన వచ్చిన యువకుడు గడ్డం క్రింద చేయి ఆనించుకొని, చూపు కెమెరా మీదగాక పైకి దూరంగా నిలిపి కూర్చొంటాడు. అది హాలీవుడ్‌లో పుట్టి, బెర్లిన్ పాఠం కలుపుకొని, మలాడ్ మీదుగా వచ్చిన భంగిమ అని అతనికి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. గోడమీది తారవలె ఒక్క నిమిషం కూర్చొన్నాడు. ఆ బొమ్మ ఊళ్ళో తల్లిదండ్రులకు పోస్టులో వెళ్ళినది.

వ్యాపారం దీనిని త్వరగానే పసిగట్టినది. 1941లో లీలా చిట్నీస్ బొమ్మ లక్స్ సబ్బు ప్రకటనలో వచ్చినది. ఆ సబ్బుకు ఒక భారతీయ తార ముఖం వాడుట అదే మొదలు. ఉక్కు కర్మాగారం నడిపిన టాటా సంస్థల కుటుంబమే తన నూనెల మిల్లు కంపెనీ అండతో 1952లో లాక్మే అనే అలంకరణ సామగ్రి సంస్థను ప్రారంభించినది. పెన్సిలుతో నెగెటివుమీద దిద్దిన ముఖాన్ని ఇకమీద పొడితో, రంగుతో నిజం ముఖంమీదనే దిద్దుకొనవచ్చును. ఒకే వాణిజ్య కుటుంబం ఒకచోట పురుషుల ముఖాలకు మసి పూయించి, మరొకచోట స్త్రీల ముఖాలకు పొడి అమ్మినదని ఎవరైనా చమత్కరిస్తే కాదనలేము.

ఈ రెండు లోకాలనూ తన ఒక్క కెమెరాతో చూచినవాడు సునీల్ జానా. 1918లో పుట్టి 2012లో మరణించిన ఈ ఛాయాచిత్రకారుడు 1943 బెంగాల్ కరవు చిత్రాలతో పేరుపొందాడు. శాంతారావు, ఇంద్రాణీ రెహమాన్ వంటి నర్తకీమణులను చిత్రించినవాడు, గిరిజనుల ముఖాలను చిత్రించినవాడు, గనులలో కర్మాగారాలలో తిరిగినవాడు కూడా అతడే. నర్తకి భుజంమీది వెలుగుకు ఇచ్చిన గౌరవాన్నే గని కూలి భుజంమీది వెలుగుకు ఇచ్చాడు. పెన్సిలు పెట్టి దిద్దిన తార బొమ్మలను చూచిన కంటితో జానా చిత్రాలు చూస్తే, చామనచాయలో ఎన్ని మెట్లున్నవో, బూడిదరంగు ఎంత సంపన్నమో అప్పుడు తెలుస్తుంది.

తారల బొమ్మలు తీసినవారిలో హెచ్చుమంది పేర్లు మనకు దక్కలేదు. సెట్టుమీద దృశ్యం పూర్తికాగానే 'స్టిల్' అని కేక వేసేవారు. నటులు అదే భంగిమలో బిగుసుకొని నిలిచేవారు. స్టిల్ ఫొటోగ్రాఫరు తన పెట్టె కెమెరాతో ముందుకు వచ్చి, ఒకటి రెండు ప్లేట్లు తీసుకొని వెనుకకు పోయేవాడు. దీపాలు మారేలోపల, దర్శకుని సహనం నశించేలోపల అతని పని ముగియాలి. ఆ బొమ్మయే పోస్టరు అయ్యేది, పాటల పుస్తకం అట్ట అయ్యేది, పత్రిక ముఖచిత్రం అయ్యేది. దానిమీద నిర్మాత పేరు ఉండేది, తార పేరు ఉండేది, అచ్చువేసిన ముద్రణాలయం పేరు సైతం ఉండేది.

అయినా చిత్రం నశించిన చోట అతని బొమ్మయే మిగిలినది. ఈ దేశంలో వెయ్యికి పైగా మూకచిత్రాలు తయారైనవి; నేడు ఏదో రూపంలో మిగిలినవి ముప్పదికి లోపు. పాత ఫిల్ము తేలికగా అంటుకొనే పదార్థం. పైగా దానిలో వెండి ఉన్నది. ఆడిపోయిన చిత్రాన్ని కరిగించి వెండి తీసుకొంటే నిర్మాతకు నాలుగు డబ్బులు వచ్చేవి. 1932 నాటి మన తొలి పూర్తి టాకీ 'భక్త ప్రహ్లాద'ను నేడు తెరమీద చూచే భాగ్యం లేదు. 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడేనాటికే పోవలసినది చాలవరకు పోయినది. ఎన్నో పాత చిత్రాల విషయంలో ఒక పాటల పుస్తకం, ఒకటి రెండు స్టిల్స్ మాత్రమే చరిత్రకారునికి ఆధారం. ఆ స్టిల్‌లో నటి ధరించిన చీర, వెనుక తెరమీది బొమ్మ, నీడ పడిన తీరు చూచి దీపాలెన్నో, అవి ఎక్కడ ఉండినవో అతడు లెక్కకట్టుకోవాలి.

విర్షింగ్ చిత్రాలు మాత్రం అదృష్టవంతములు. సుమారు ఆరువేల ఛాయాచిత్రాలు, నెగెటివులు కుటుంబంవారి రక్షణలో నిలిచినవి. 2017లో గోవాలో వానిని ప్రదర్శించినారు. 2023లో దేబశ్రీ ముఖర్జీ సంపాదకత్వాన గ్రంథరూపంలో వచ్చినవి. వానిలో తార ముఖాలు ఉన్నవి. అవి మనం ఎదురుచూచినవే. ఎదురుచూడనివి వేరే ఉన్నవి. రెండు దృశ్యాల నడుమ విరామంలో అలసి కూర్చొన్న నటులు. కెమెరా చుట్టూ గుమిగూడిన సాంకేతికులు. ఇంకా ముఖంమీదికి మళ్ళించని దీపాలు. మలాడ్ ఎండలో, వెలుగు తయారుకాకముందటి దేవికారాణి కూడా అక్కడ కనబడుతుంది.